చెల్లని గోల్

మా ఆయన నోట మాట పడిపోయిన చలికాలంలోనే మా కాలేజీ హాకీ జట్టు కూడా దిక్కుమాలిన ఆట ఆడింది. ఊళ్ళోవాళ్ళు చూడ్డానికి వచ్చి, "ఆర్విద్‌కి ఎలా ఉంది సైమా?" అని అడిగి నిట్టూర్చేవాళ్ళు. కాఫీ సగం తాగాక జట్టు సంగతి ఎత్తి ఇంకోసారి నిట్టూర్చేవాళ్ళు. రెండో నిట్టూర్పే పెద్దదిగా ఉండేది. నేను తప్పు పట్టలేదు. అమెరికా ఉత్తరపు కొసన, సుపీరియర్ సరస్సు ఒడ్డున, ఏడాదిలో సగం మంచు కిందే పడుకునే ఊరు మాది. రాగి గనులు మూతపడ్డాక మాకంటూ మిగిలింది ఆ కాలేజీ, మంచుగడ్డ మీద స్కేట్లతో హాకీ ఆడే దాని రింకు.

అక్టోబరు చివర్లో ఒక పొద్దున కాఫీ పోసుకుంటూ మా ఆయన కప్పు జారవిడిచాడు. "చెయ్యి కాలిందా?" అన్నాను. "మంగళవారం" అన్నాడు. ఆ రోజు శుక్రవారం. నేను నవ్వాను కూడాను, వేళాకోళం చేస్తున్నాడనుకుని. ఆయనకి అలవాటే మరి. మంచు తోసే బండి నడిపినన్నాళ్ళూ రేడియోలో తోటి డ్రైవర్లని ఏడిపించుకు తిన్న మనిషి.

ఆస్పత్రిలో తలలో నరం పూడుకుపోయిందన్నారు. చెయ్యి తొందరగానే స్వాధీనంలోకి వచ్చింది. కాలు కాస్త ఈడుస్తాడు. మనం చెప్పింది అంతా తెలుస్తుంది, పేపరు చదువుతాడు, పేకాటలో నన్ను ఓడిస్తాడు. మాట ఒక్కటే లేదు. ఏం చెప్పబోయినా నోట్లోంచి మంగళవారమే వస్తుంది. కాఫీ కావాలన్నా మంగళవారం, కుక్కని బయటికి వదలమన్నా మంగళవారం. ఓరోజు భోజనాల దగ్గర మా మనవరాలు, పసిది, "తాతా, ఇవాళ బుధవారం కదా!" అని కిలకిలా నవ్వింది. ఆయన కూడా దాన్ని చూసి నవ్వాడు. నవ్వి, చెంచా కింద పెట్టి, ఆ పూట నుంచి నోరు మూసేసుకున్నాడు. మంగళవారం కూడా పోయింది.

అలాంటి ఇంట్లో మీరెప్పుడైనా ఉన్నారో లేదో నాకు తెలీదు. మా ఫ్రిజ్ అంత గట్టిగా మూలుగుతుందని నాకు అప్పుడే తెలిసింది. నేనేమో నోరు ఊరుకోనిదాన్ని, ఇద్దరి మాటలూ నేనే మాట్లాడి సాయంత్రానికి గొంతు బొంగురుపోయి పడుకునేదాన్ని.

నవంబరులో జట్టు మొదటి ఆట. గీడో వచ్చి వీధి తలుపు దగ్గర బూట్ల మంచు దులుపుకుంటున్నాడు. గీడో, మా ఆయన ఒకప్పుడు ఒకే గనిలో దిగినవాళ్ళు. రింకులో కూడా ఏళ్ళ తరబడి పక్కపక్క సీట్లే మావి, అవతలి జట్టు వల కాసే గోలీ వెనక, మూడో వరసలో. ఆ రోజు గీడో మెడకి జట్టు మఫ్లరు, తల మీద చెవుల టోపీ.

"లేవరా ఆర్విదూ, టైమైంది" అన్నాడు, ఏమీ జరగనట్టు.

మా అమ్మాయి మార్లిన్ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పక్క వీధిలోనే దాని కాపురం, ఆ చలికాలమంతా రోజూ మా ఇంట్లోనే ఉండేది. "గీడో బాబాయ్, నీకేమైనా మతి ఉందా? ఆ అరుపులు, ఆ చలి! డాక్టరు విశ్రాంతి అన్నాడు."

"ఇక్కడ కూర్చుని గోడని చూడ్డం విశ్రాంతా? అక్కడ కూర్చుని మనవాళ్ళ ఆట చూడనీ. రెండూ ఒకలాగే ఉంటాయి, ఏమీ కదలదు."

మార్లిన్ నా వైపు తిరిగింది. "అమ్మా, నువ్వు చెప్పు."

నేను చెప్పేలోపే ఆయన లేచి బూట్లు వెతుక్కుంటున్నాడు. ఇంకేం చెప్తాను? యాలకుల రొట్టె నాలుగు ముక్కలు కాగితంలో చుట్టి కోటు జేబులో పెట్టుకున్నాను.

రింకు తలుపు తియ్యగానే ఆ వాసన: మంచు, తడి ఉన్ని, వేయించిన ఉల్లిపాయలు. ఆయన ఒక్క నిమిషం ఆగి గాలి పీల్చుకున్నాడు. మెట్లు దిగుతుంటే జనం లేచి దారిచ్చారు. భుజం తట్టినవాళ్ళున్నారు, "ఆర్విద్, వచ్చావా!" అన్నవాళ్ళున్నారు, జవాబు రాకపోతే మొహం ఎటు పెట్టాలో తెలియక పాప్‌కార్న్‌ని చూసుకున్నవాళ్ళూ ఉన్నారు. మా ముందు వరసలో కాలేజీ బ్యాండు పిల్లలు. నా ఎదురుగా టెస్సా అనే పొడుగాటి పిల్ల, ఒంటికి చుట్టుకునే పెద్ద ఇత్తడి బాకా వేసుకుని కూర్చుంది.

"అమ్మమ్మా, నా బాకా అడ్డమొస్తే చెప్పండి, వంగుతాను."

"వంగకమ్మా, నడుం పట్టేస్తుంది. నేను నీ చంక కిందనుంచి చూసుకుంటాలే" అన్నాను.

మా దగ్గర ఒక ఆచారం ఉంది. మనవాళ్ళు గోల్ కొడితే వల వెనక ఎర్ర దీపం వెలుగుతుంది, బ్యాండు ఒక పాట ఎత్తుకుంటుంది. అది అవ్వగానే రింకు మొత్తం లేచి, అవతలి గోలీ వైపు వేలు చూపిస్తూ అప్పటిదాకా పడిన గోల్స్ అన్నీ మొదటినుంచి లెక్కపెడుతుంది. ఒకటి! రెండు! ఎన్నయితే అన్ని. లెక్కయ్యాక, "జల్లెడ! జల్లెడ! జల్లెడ!" ఏదీ ఆగకుండా కారిపోతోందని గోలీకి మేమిచ్చే బిరుదు. పాస్టరుగారి భార్య కూడా అరుస్తుంది. చిన్నప్పుడు ముందు ఈ లెక్క నేర్చుకున్నాకే మా పిల్లలు బడిలో లెక్కలు నేర్చుకునేది.

ఆ రాత్రి మొదటి పీరియడ్ అంతా గీడో చెప్పినట్టే, ఏమీ కదల్లేదు. రెండో దాంట్లో మనవాడొకడు కిందపడుతూ పడుతూ కర్ర ఊపితే పక్, ఆ నల్ల రబ్బరు బిళ్ళ, వెళ్ళి వలలో పడింది. అందరం లేచాం. నేను ఆయన మోచెయ్యి పట్టుకుని లేపాను. "ఒకటి!" అని రింకు అదిరిపోయేలా అరిచాం. నా చెవి పక్కన ఇంకేదో గొంతు కూడా వినిపించినట్టయింది. తుప్పు పట్టిన గేటు తీసినట్టు. అంత గోలలో ఏం చెప్పగలను?

ఆఖర్లో రెండో గోల్ పడింది. ఈసారి నేను అరవలేదు. నోరు మూసుకుని చెవి అటే పెట్టాను.

"ఒకటి! రెండు!" అన్నాడు మా ఆయన. వేలు చూపిస్తూ. ఆ తర్వాత "జల్లెడ! జల్లెడ!"

గబుక్కున ఆయన మొహంలోకి చూడబోయాను. అవతలి పక్కనుంచి గీడో ఆయన వీపు వెనకగా చెయ్యి చాచి నా కోటు లాగాడు. "చూడకు సైమా" అన్నాడు పళ్ళ మధ్యనుంచి. "నేనూ విన్నాను. ఆట చూడు. నువ్వు చూస్తే మళ్ళీ నోరు మూసుకుంటాడు."

నేను ఆటే చూశాను. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే పన్నెండు మంది ఆటగాళ్ళు ఇరవై నాలుగు మందిలా కనిపించారు. ఆ రోజు అయిదు గోల్స్ తిని ఓడిపోయాం. అంత సంతోషంగా ఓడిన ఆట నాకింకోటి గుర్తులేదు.

ఇంటికొచ్చి చెప్తే మార్లిన్ ఎగిరి గంతేసింది. మర్నాడే, ఆయనకి బొమ్మల కార్డులు చూపించి మాట నేర్పే ప్యాటీకి ఫోను చేసింది. ప్యాటీ మంచి పిల్ల, అబద్ధం చెప్పదు. మా వంటింట్లో కూర్చుని రొట్టె తింటూ నెమ్మదిగా చెప్పింది.

"లెక్కలు, పాటలు, ప్రార్థనలు, తిట్లు, ఇవన్నీ తలలో వేరే అరలో ఉంటాయమ్మా. నలుగురితో కలిసి అంటే వాటంతట అవే దొర్లిపోతాయి. మనం అనుకున్న మాట వచ్చే అర వేరు. ఒకటి తెరుచుకుంది, మంచిదే. రెండోది కూడా తెరుచుకుంటుందని మాత్రం నేను మాటివ్వలేను."

"తెరుచుకుంటే నాకెలా తెలుస్తుంది?"

"ఎవరూ అనని మాట తనంతట తను అనాలి. చిన్నదైనా సరే, తను అనుకున్నది."

సరే, ఆ మాట పట్టుకుని చలికాలమంతా కూర్చున్నాను. శుక్రవారం, శనివారం, జట్టు ఊళ్ళో ఉన్నప్పుడల్లా మేం ముగ్గురం మా సీట్లలో ఉండేవాళ్ళం. గోల్ పడితే ఆయన నోరు విప్పుతాడు. పడకపోతే లేదు. మీకు చెప్పడానికేం, నాకు గెలుపు ఓటములు పట్టడం మానేశాయి, గోల్ పడితే చాలు. చర్చిలో పాస్టరుగారిని పట్టుకుని అడిగాను, "గోల్స్ కోసం ప్రార్థన చెయ్యొచ్చా అండీ?" అని. ఆయన అటూ ఇటూ చూసి, "ఎవరి మీద?" అని అడిగారు.

క్రిస్మస్ వెళ్ళాక ఒక బక్క జట్టు దొరికింది మాకు. ఏడు గోల్స్! ఒకటి నుంచి ఏడు దాకా మా ఆయన గుక్క తిప్పుకోకుండా లెక్కపెట్టాడు. మొహం ఎర్రబడి, టోపీ పక్కకి జారి, ఇరవై ఏళ్ళవాడిలా ఉన్నాడు. టెస్సా వెనక్కి తిరిగి, "తాతా, మీ గొంతు మా బాకా కంటే పెద్దదయ్యింది" అంది. ఆయన దాని బాకాలోకి తొంగిచూసి, అక్కడ ఎవరో ఉన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆ హుషారులో నేనొక తెలివితక్కువ పని చేశాను. మర్నాడు భోజనాల దగ్గర బంగాళాదుంపల గిన్నె పట్టుకుని, "ఎన్ని వెయ్యను? ఒకటీ... చెప్పు, ఒకటీ..." అని రాగం తీశాను. ఆయన నన్ను చూసిన చూపు! కంచం ముందుకి తోసేసి లేచి వెళ్ళి ఆవిరిస్నానాల గదిలో పొయ్యి రాజేసుకున్నాడు. వెంట వెళ్ళబోతే మార్లిన్ ఆపింది.

"నాన్న చిలక కాదమ్మా."

"చిలకని ఎవరన్నారే?"

"నువ్వు చేస్తున్నది అదే. అక్కడ జనంతో కలిసి అంటున్నాడు, అంతే. దాంట్లో నాన్న ఏమున్నాడు? నువ్వు ప్రతి వారం ఆశపడి వస్తావు, నాన్న ప్రతి సోమవారం ఇంకాస్త కుంగిపోతాడు. ఈ చలికాలంతో ఆపేద్దాం."

నేను ఆయన కంచం తీసి, బంగాళాదుంపల గిన్నె మీద మూత పెట్టాను. 

ఫిబ్రవరి ఆఖర్లో మా ఊళ్ళో చివరి ఆట. మిన్నెసోటా నుంచి వచ్చిన జట్టు, కొండల్లాంటి కుర్రాళ్ళు. గెలిచినా, కనీసం సమానం చేసినా, పై ఆటలకి వెళ్తాం. ఓడితే సీజను అయిపోయినట్టే. బయట మంచు తెరలు తెరలుగా పడుతోంది, నేను బండి నడపలేనని మార్లినే మమ్మల్ని దింపి, ఆటయ్యే వేళకి వస్తానంది. దిగేటప్పుడు నా కోటు గుండీ పెడుతూ, "ఇదే ఆఖరు కదమ్మా?" అంది. "ఊ" అన్నాను.

ఆట గురించి ఏం చెప్పమంటారు! కూర్చున్నవాళ్ళు లేరు. వాళ్ళు రెండు కొట్టారు, మనం ఒకటి కొట్టాం. వాళ్ళు మూడోది కొట్టారు, మనవాళ్ళు రెండోది కొట్టారు. "ఒకటి! రెండు!" మా ఆయన గొంతు ఖంగుమంది. ఆఖరి నిమిషాలు. మన కోచ్ గోలీని కూడా బయటికి పిలిచి ఇంకో ఆటగాణ్ణి దింపాడు. మన వల ఖాళీ, ఉన్నవాళ్ళందరూ మా ఎదురుగా, వాళ్ళ గోలీ మీద పడ్డారు. కర్రలు, కాళ్ళు, మంచు ధూళి. ఆ గుంపులోంచి పక్ ఎలా దూరిందో దూరింది. ఎర్ర దీపం వెలిగింది!

రింకు పైకప్పు లేచిపోతుందనుకున్నాను. గీడో నా టోపీ లాగి గాల్లోకి విసిరాడు. బ్యాండు పాట సగంలోనే జనం లెక్క మొదలుపెట్టేశారు, ఆగలేక.

"ఒకటి! రెండు! మూడు!"

నేను విన్నది ఆయన్ని ఒక్కణ్ణే. ఆయన ఒకటి అన్నాడు. రెండు అన్నాడు. మూడు అనలేదు.

 చూడకూడదని గీడో పెట్టిన నియమం అంతా మర్చిపోయి ఆయన వైపు తిరిగాను. వేలు కిందికి దించేసి, నోరు బిగించి, వల వైపే చూస్తున్నాడు. మళ్ళీ నరం ఏదో పూడుకుపోయింది, ఉన్న కాస్తా పోయిందనుకున్నాను. ఆయన చెయ్యి పట్టుకుని, "ఆర్విద్, మూడు. మూడు అను. ఏమైంది, తల తిరుగుతోందా?" అన్నాను.

ఆయన చెయ్యి విదిలించుకున్నాడు.

"రెండే" అన్నాడు.

గీడో అటునుంచి, "మూడ్రా గుడ్డోడా! దీపం వెలిగింది కనపళ్ళా?" అని అరిచాడు.

మా ఆయన వల ముందు నీలంరంగు వేసి ఉండే గడిని చూపించాడు. అది గోలీ సొంత జాగా. పక్ కంటే ముందు మనవాడి కాలు దాంట్లో పడితే ఆ గోల్ చెల్లదు.

"కాలు" అన్నాడు. దవడ ఒకసారి అటూ ఇటూ కదిలింది, బరువేదో జరుపుతున్నట్టు. "లోపల."

రింకంతా ఇంకా "జల్లెడ! జల్లెడ!" అంటూనే ఉంది. మంచు మీద రిఫరీ లైన్స్‌మన్‌తో ఏదో మాట్లాడి, నెమ్మదిగా మధ్యలోకి జారుతూ వచ్చి, రెండు చేతులూ బార్లా చాచి ఊపాడు. గోల్ లేదు.

వేలమంది జనం ఒక్కసారి హో అని గోలపెట్టారు. పాప్‌కార్న్ డబ్బాలు, చేతి తొడుగులు, ఎవరిదో ఒక బూటు కూడా, మంచు మీద వచ్చి పడ్డాయి. ఆ గోలలో ఒక్క మనిషి మాత్రం లేచి నిలబడి, చేతులు తలపైకెత్తి, చప్పట్లు కొడుతోంది. నేనే. ఆపుకోలేకపోయాను. "చెల్లదు! చెల్లదు!" అని అరుస్తున్నాను కూడానట, తర్వాత చెప్పారు. పై వరసల వాళ్ళు నన్ను పట్టుకుని తినేసేలా చూశారు. పాస్టరుగారి భార్య నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

టెస్సా వెనక్కి తిరిగి, ఏడుపు మొహంతో, "అమ్మమ్మా, పోయింది మన గోల్!" అంది.

"తెలుసు తల్లీ, తెలుసు!" అని దాన్ని బాకాతో సహా కావలించుకున్నాను.

గీడో నన్ను చూశాడు. ఆయన్ని చూశాడు. టోపీ తీసి, కాసేపు దాని లోపల ఏదో వెతికినట్టు తలొంచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. పెట్టుకుని, వేలు మా ఆయన మొహం ముందు పెట్టి గట్టిగా అన్నాడు: "బయట ఉందిరా కాలు!"

"లోపల."

"బయట! జాన పొడుగు బయట!"

"లోపల!"

"నీ కళ్ళజోడు మార్చు!"

ఆయన గీడో కళ్ళజోడు లాగి, తన మఫ్లరుతో తుడిచి, మళ్ళీ గీడో ముక్కు మీద పెట్టాడు. "చూడు" అన్నాడు.

మిగిలిన ఆట ఎవరు చూశారు? ఇంకో గోల్ పడలేదు. ఓడిపోయాం. జనం తలలు వేలాడేసుకుని మెట్లెక్కుతుంటే, నా ముందు ఆ ఇద్దరు ముసలాళ్ళు ఒకరి భుజం ఒకరు పట్టుకుని, బయట అంటే లోపల అని, లోపల అంటే బయట అని, మంచులో పార్కింగు దాకా కొట్టుకుంటూనే నడిచారు. గీడో జాలిపడి ఒక్క మాట కూడా వదులుకోలేదు. అందుకే అతనంటే నాకు ఇప్పటికీ గౌరవం.

ఆ రాత్రితో మాటలన్నీ వరదలా వచ్చేశాయని చెప్తే అది అబద్ధం అవుతుంది. వసంతం వచ్చేదాకా రోజుకి ఒకటో రెండో, కొన్ని రోజులు ఏవీ లేవు. కొన్ని మాటలు అసలెప్పటికీ రాలేదు, నా పేరు చెప్పడానికి చివరిదాకా తడుముకునేవాడు. అయినా మార్లిన్ మళ్ళీ ఆపేద్దాం అనలేదు. మరుసటి ఏడాది నుంచి మా పక్కన నాలుగో సీటు దానిది.

ఆ రాత్రి అది హీటరు వేసుకుని బండిలో కూర్చుని ఉంది. నేను వెనక ఎక్కాను. ఆయన ముందు సీట్లోకి కాలు ఎత్తిపెట్టుకుని తలుపు వేసుకున్నాడు. మార్లిన్ అద్దంలోంచి నన్ను చూసింది. ఆ చలికాలమంతా అలవాటైపోయింది దానికి, ఏది అడగాలన్నా నన్నే అడగడం.

"ఏమైందమ్మా?" అంది.

నేను నోరు తెరవలేదు. ఎంత కష్టమైందో నాకు తెలుసు.

"ఓడిపోయాం" అన్నాడు ఆయన.

మార్లిన్ చెయ్యి గేరు మీదే ఉండిపోయింది. "ఏంటి నాన్నా?"

"ఓడిపోయాం." మళ్ళీ చెప్పించినందుకు విసుక్కున్నాడు. "చెవుడా?"

అది నవ్విందో ఏడ్చిందో నేను చూడలేదు, నాదీ అదే పరిస్థితి. బండి ఎంతసేపటికీ కదలదు. అద్దాల మీద మంచు పేరుకుపోతోంది. లోపల తల్లీ కూతుళ్ళం పొట్ట పట్టుకుని నవ్వుతున్నాం. మా ఆయన, సీజను అయిపోయిందన్న దిగులుతో, మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"సిగ్గులేదు" అన్నాడు. "ఇద్దరికీ."